పదకొండేళ్ళ సున్నం

రోహిణికి ఇంకా పంతొమ్మిది రోజులు

గీత కాపలా పడ్డవాళ్ళు ఆటకు ముందూ తర్వాతా పుస్తకం రాయాలని నియమం. ఎంత సున్నం తడిపారు, ఎన్ని బారల గీత పోశారు, ఎవరి బూట్లు చూశారు, అంతవరకే రాస్తారు అందరూ. నేను అంతకంటే ఎక్కువ రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు, చెదలు తింటాయి. చెదలైనా తెలుసుకోనీ.

ఈ రోజు గీత కాపలాకు చీటీ తీశారు. ఏడో నంబరు కాలనీ తరఫున మల్లీశ్వరి అని నా పేరు చదివారు. పదకొండేళ్ళుగా ఏటా ఆ డబ్బాలో నా పేరు వేస్తున్నాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎదుటి బెంచీ మీద ఐదో నంబరు వాళ్ళ పెద్ద ఓదెలు మాత్రం తల వంచుకుని తంబాకు నలుపుతూ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. ఈ వేసవి దాకా బతికి ఉండాలని నేను కోరుకున్న మనిషి లోకంలో ఆయన ఒక్కడే.

పొద్దున్నే బొగ్గుబావి పైకెక్కి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచాను. ఏడు గంటలకల్లా బయట నలభై ఏడు డిగ్రీలు. మధ్యాహ్నానికి యాభై రెండు దాటుతుంది. బొగ్గు అయిపోయిన ఈ బావిలో పై లెవెల్లో నలభై నాలుగు ఉంటుంది, కింది లెవెల్లో ఇరవై తొమ్మిది. కింద ఫ్యాన్లు తెచ్చే గాలి రెండు వందల మందికే సరిపోతుంది. మేము రెండు వందల మందిమి. ఐదో నంబరు వాళ్ళూ రెండు వందల మందే.

రోహిణికి ముందు ఆట. గెలిచినవాళ్ళు నలభై రోజులు కిందికి పోతారు. ఓడినవాళ్ళు పైన ఉండి, ఆ నలభై రోజుల్లో ముసలివాళ్ళను నలుగురైదుగురిని మోసుకెళ్ళి పాతిపెడతారు. మా తాతల కాలంలో ఈ లెవెల్ కోసం నిజం తుపాకులే పేలాయట. అందుకే ఈ రంగు ఆట పెట్టారు.


రోహిణికి ఇంకా పదహారు రోజులు

సున్నం తడిపాను, మూడు డబ్బాలు. తొందరపడితే కళ్ళు పోతాయి, కాబట్టి దూరంగా నిలబడి నీళ్ళు పోసి, ఉడుకు తగ్గేదాకా కూర్చుని పాత సంగతులన్నీ తలుచుకున్నాను. సున్నం చల్లబడింది, నేను చల్లబడలేదు.

ఆట సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఎప్పుడైనా ఇది చదివితే, వాళ్ళ కోసం రాస్తున్నాను. పాత ఇంజన్ హాలులో ఆడతారు. చాటుకు తుప్పుపట్టిన బొగ్గు టబ్బులు బోర్లించి ఉంటాయి. వైపుకు ఐదుగురు. గాలి తుపాకులు, గంజి పొరలో రంగునీళ్ళు నింపిన గుండ్లు. మావి పసుపు, వాళ్ళవి నీలం. ఒంటి మీద రూపాయి బిళ్ళంత రంగు పడితే బయటికి. అవతలి చివర గంట కొట్టినవాళ్ళది గెలుపు. హాలు చుట్టూ సున్నం గీత. అడుగు తగిలిందా, కాపలా మనిషి జెండా ఎత్తుతాడు, బయటికే.

మొదట అందరూ తమ వైపు చెక్క మీద రెండు కాళ్ళూ పెట్టి, తుపాకి మూతి వెనక గోడకు ఆనించి నిలబడాలి. సైరన్ కంటే ముందు మూతి గోడను వదిలితే, మళ్ళీ వెనక్కి వచ్చి ఆనించాకే కదలాలి. అలా నిలబడ్డప్పుడే కాపలా మనిషి ఒక్కొక్కరి బూటు ఎత్తి చూసి, సున్నం లేకపోతే ‘సాఫ్’ అనాలి. సాఫ్ అన్న బూటుకు ఆ తర్వాత సున్నం కనిపించిందంటే అది గీత తొక్కిన సున్నమే. ఇంక వాదన లేదు.

మా ఆటగాళ్ళను కాచేది వాళ్ళ మనిషి, వాళ్ళ ఆటగాళ్ళను కాచేది మా మనిషి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది అని మా అమ్మ నవ్వేది. అందుకే కాపలా మనిషి చేత ఒట్టు పెట్టిస్తారు. కుడి అరచెయ్యి తడి సున్నంలో ముంచి ‘ఉన్నది ఉన్నట్టు చెప్తాను’ అనాలి. ఆట అయ్యేదాకా ఆ చెయ్యి కడగకూడదు.

పదకొండేళ్ళ కిందట మా జట్టులో చివరికి మిగిలింది నేను. ఎడమ గీత వెంబడే పరిగెత్తాను. గంట పది అడుగుల దూరంలో ఉంది. ఆ ఏడు మమ్మల్ని కాచిన ఓదెలు జెండా ఎత్తాడు. నా కాలు పట్టుకుని బూటు తిప్పి అందరికీ చూపించాడు. తెల్లగా ఉంది. నేను గీత తొక్కలేదు. ఆ సంగతి నా కాలికి తెలుసు. మొదట్లో సాఫ్ అన్నది కూడా ఆయనే. మరి ఆ సున్నం ఎక్కడిది? ఒట్టు పెట్టిన ఆయన అరచేతిది. కాలు పట్టుకున్నప్పుడు పులిమాడు.

ఆ ఏడు పైనే ఉన్నాం. రోహిణి పదకొండో రోజు మధ్యాహ్నం మా అమ్మ భూలక్ష్మి విసనకర్ర చేతిలో పట్టుకునే పోయింది.


రోహిణికి ఇంకా పన్నెండు రోజులు

ఐదో నంబరు వాళ్ళ సాధన చూడటానికి వెళ్ళాను. కాపలా మనిషికి ఆ హక్కు ఉంది. వాళ్ళ జట్టులో అందరికంటే జోరు సారక్కది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఓదెలు కొడుకు కూతురు. గీతకు రెండు వేళ్ళ దూరంలో పాదం వేసి, పక్కకు వాలి, పరుగు ఆపకుండా కాలుస్తుంది. ఒకప్పుడు నేనూ అలాగే పరిగెత్తేదాన్ని. చూస్తుంటే ఒళ్ళు మండింది.

సాధన అయ్యాక దగ్గరికొచ్చి నీళ్ళు కావాలా అక్కా అని అడిగింది. మీ పాత ఆట గురించి మా తాత చెప్పాడు, మీ అంత పరుగు ఇప్పుడు ఎవరికీ లేదంటాడు అంది. నా గురించి ఆయన నోట మంచి మాట వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.


రోహిణికి ఇంకా ఏడు రోజులు

రోజూ ఒక గంట నా పాత బూటు ముందు పెట్టుకుని చేతిని అలవాటు చేస్తున్నాను. సారక్క కాలు పట్టి ఎత్తాలి, బొటనవేలు అడుగున జరపాలి, తిప్పి చూపించాలి. చూసేవాళ్ళకు అంతా ఒకే కదలికలా కనిపించాలి. ఒట్టు సున్నం తొందరగా ఆరిపోకుండా బెల్లం నీళ్ళు కలుపుతున్నాను. ఓదెలు చేసింది ఓదెలుకే చేస్తాను, ఒక్క వేలు కూడా ఎక్కువ తక్కువ కాకుండా. ఆయన పైన పడుకుంటాడు. నలభై నాలుగులో పుల్లల్లాంటి ఆ కాళ్ళతో ఎన్నాళ్ళుంటాడో నేను కింద చల్లగా కూర్చుని లెక్కపెడతాను.

మా జట్టు నాయకుడు తిరుపతి తలుపు కొట్టకుండా వచ్చి చూశాడు. తిరుపతికి మీసం మీద ఉన్న శ్రద్ధ గురి మీద ఉంటే మేము ఏటా గెలిచేవాళ్ళం. కాసేపు నా చేతిని చూసి, వాడికీ అర్థమై, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. వాడి చెల్లెలు నెల బాలింత.


రోహిణికి ఇంకా మూడు రోజులు

గీత పోశాను. నూట పన్నెండు బారలు. తాడు పట్టి, వేలి వెడల్పు తేడా లేకుండా పోశాను. గీత విషయంలో నన్ను వేలెత్తి చూపేవాడు ఉండకూడదు.

ఆటగాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి మిగిలిన సున్నం అడిగి పట్టుకెళ్ళారు. ఆట పొద్దున గడపకు కొత్త సున్నం పూస్తే ఇంటి మనిషి గెలిచి వస్తుందని నమ్మకం. రెండు కాలనీలకూ ఈ నమ్మకం ఉంది, మరి రెండూ ఎలా గెలుస్తాయో అడిగినవాళ్ళు లేరు. అమ్మ పోయాక మా గడపను ముట్టుకున్నవాళ్ళు లేరు. నేను ఒక డబ్బా వాళ్ళకిచ్చి ఇంటికొచ్చాను.

సాయంత్రం గీత చూసుకోవడానికి మళ్ళీ హాలుకు వెళ్తే ఓదెలు వచ్చాడు. పదకొండేళ్ళలో మొదటిసారి. కర్ర ఆనించుకుని గీత అవతలే నిలబడి, బిడ్డా, నీతో ఒక మాట చెప్పాలి అన్నాడు. ఆట కాకముందు ఆటగాళ్ళ పెద్దలు కాపలా మనిషితో మాట్లాడకూడదు, నియమం తెలియదా అన్నాను. తెలుసు అన్నాడు. గీత తొక్కకుండా జాగ్రత్తగా వెనక్కి తిరిగి వెళ్ళాడు. మనవరాలిని చూసీచూడనట్టు పొమ్మని అడగడానికి వచ్చి ఉంటాడని అనుకున్నాను. నాకు లోపల పండగలా ఉంది.


ఆట రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పది గంటలకు ఒట్టు పెట్టాను. అరచెయ్యి బెల్లం సున్నంలో ముంచి, ఉన్నది ఉన్నట్టు చెప్తానని గట్టిగానే అన్నాను. ఐదో నంబరు వాళ్ళ ఐదుగురూ చెక్క మీద నిలబడి తుపాకి మూతులు గోడకు ఆనించారు. వాళ్ళ పక్కనే పెద్దల బెంచీ, మొదటి చోట ఓదెలు. ఎడమచేత్తో ఒక్కొక్కరి బూటు ఎత్తి చూశాను. సాఫ్, సాఫ్, సాఫ్, సాఫ్. చివర సారక్క.

సారక్క కుడి బూటు అడుగున తెల్లగా ఉంది.

నేనింకా కుడిచెయ్యి కదపనేలేదు. ఎక్కడిదని అడిగాను, ఆ పిల్లకే వినపడేంత మెల్లగా.

“మా బాపమ్మ గడపకు సున్నం పూసిందక్కా,” అంది సారక్క. “ఉరుకుతా వస్తుంటె తొక్కినట్టున్న.”

కాలు అలాగే పట్టుకుని ఉండిపోయాను. పదకొండేళ్ళ కిందటి పొద్దున గుర్తొచ్చింది. తుపాకి భుజానేసుకుని ఇంట్లోంచి ఉరికాను. వెనక నుంచి అమ్మ, గడప తొక్కకు బిడ్డా, పచ్చిగున్నది అని అరిచింది. తొక్కలేదులే అని అరిచి వచ్చేశాను. తొక్కాను. నా బూటు సున్నం మా అమ్మ చేతి సున్నం.

అయితే ఓదెలు పులమలేదు. పదకొండేళ్ళు తప్పుడు లెక్క మీద బతికానా అనిపించింది. వెంటనే ఇంకోటి తట్టింది. ఆ రోజు ఈ చెక్క మీదే ఆయన నా బూటు ఎత్తి చూశాడు. నాకు ఇప్పుడు కనిపించిన తెలుపు ఆయనకు అప్పుడు కనిపించకుండా ఉంటుందా? చూసి, సాఫ్ అన్నాడు. నేను గీత పక్కన పరిగెత్తేదాకా ఆగి జెండా ఎత్తాడు.

తలెత్తి బెంచీ వైపు చూశాను. ఓదెలు నన్ను చూడటం లేదు. మనవరాలి బూటునే చూస్తున్నాడు. ముసలాయన మొహం గోడలా తెల్లబోయింది. ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

నేను కూడా సాఫ్ అంటే అయిపోయేది. పులమాల్సిన పని కూడా లేదు, ఆ ఇంటి గడపే నా పని చేసిపెట్టింది. మూలమలుపు దగ్గర జెండా ఎత్తి బూటు తిప్పి చూపిస్తే చాలు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. కానీ అలా చేస్తే ఆయన ఒక్కడికే తెలుస్తుంది, అదీ తనలాగే చేశానని. నాకది చాల్లేదు. ఆనాడు తను చేయని పని ఎంత చిన్నదో ఆయన కళ్ళతో ఆయన చూడాలి. దయతో కాదు, ఈ పుస్తకంలో ఎవరూ దయ అని చదువుకోవద్దు.

నా కొంగు తీసి ఎడమచేత్తో ఆ బూటు తుడిచాను. ఒకటి, రెండు, మూడు. మూడు లెక్కపెట్టేసరికి శుభ్రమైంది. తిప్పి హాలంతటికీ చూపించాను. తర్వాత ఓదెలుతోనే అన్నాను, అందరూ వినేలా.

“గింతే పని. ఆనాడు నువ్వు గీ పని చేసుంటె మా అవ్వ భూలక్ష్మి బతికేది.”

ఓదెలు చేతిలోంచి కర్ర జారి కింద పడింది. ఎవరూ తీసివ్వలేదు. సాఫ్ అన్నాను. సైరన్ మోగింది.

ఆట చాలాసేపు సాగింది. చివరికి మావైపు తిరుపతి, వాళ్ళవైపు సారక్క మిగిలారు. సారక్క ఎడమ గీత పట్టుకుని పరుగు తీసింది. మూలమలుపు దగ్గర పాదం వేసిన చోటు నా కళ్ళ ముందే, గీతకు రెండు వేళ్ళు లోపల. తిరుపతి గుండు టబ్బుకు తగిలి పగిలింది. ఆ పిల్ల గుండు తిరుపతి ఛాతీ మీద నీలంగా పగిలింది. అయినా గంట కొట్టేలోపు నేను జెండా ఎత్తొచ్చు. మా రెండు వందల మందీ నన్నే చూస్తున్నారు. తిరుపతి నా కుడిచేతిని చూస్తున్నాడు.

నిజంగానే పులుముదామనుకున్నాను. చెయ్యి జెండా దాకా వెళ్ళింది. అప్పుడు తెలిసింది నేనేం చేసుకున్నానో. అందరి ఎదుట శుభ్రంగా తుడిచి చూపించిన బూటు అది, పైగా నా పాత కోపాన్ని అందరి ఎదుటా బయటపెట్టుకున్నాను. ఇప్పుడు తెలుపు కనిపిస్తే అది నా చేతిదని చిన్నపిల్లలు కూడా చెప్తారు. కోపంతో కోసుకున్న ముక్కు శాంతంతో అతకదంటారు. ఆ ముక్కు నాది.

“లోపలే,” అన్నాను. గంట మోగింది.


రోహిణి మొదటి రోజు

పైన నలభై ఐదు. మా వాళ్ళు పరదాలు తడిపి కడుతున్నారు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. తిట్టినా బాగుండేది. తిరుపతి చెల్లెలు పసివాడి ఒంటికి తడిగుడ్డ చుట్టి నా ముందు నుంచే రెండుసార్లు నడిచింది. చూడమనే నడిచింది.

నేను గెలిచానా ఓడానా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఓదెలు కింద చల్లగా ఉన్నాడు. అమ్మ పోయిన ఏడూ కిందే ఉన్నాడు. పగ తీర్చుకోవడం కూడా చేతకాని దాన్ని అని నన్ను నేనే తిట్టుకుంటూ పరదాలకు నీళ్ళు మోశాను. యాభై బిందెలు.


రోహిణి తొమ్మిదో రోజు

నలభై ఆరు. ఉదయం మెట్ల దగ్గర కలకలం వినిపించి వెళ్ళాను. ఓదెలు కింది లెవెల్ నుంచి మెట్లెక్కి వచ్చాడు. నూట నలభై మెట్లు. ఎక్కడానికి రాత్రంతా పట్టిందట. సారక్క ఏడుస్తూ వెనకే వచ్చింది, ఆయన కర్రతో అదిలించి వెనక్కి పంపాడు. తలలు లెక్కపెట్టే కాపలావాడితో, నా జాగా ఖాళీ అయింది, ఏడో నంబరు వాళ్ళలో ఎవరినైనా ఒకరిని పంపండి అని చెప్పాడు.

మా వాళ్ళంతా నన్ను చూశారు. చెప్పాల్సింది నేనే అన్నట్టు. తిరుపతి చెల్లెలి పేరు చెప్పాను. చంటిపిల్లలకు లెక్క లేదు కాబట్టి పసివాడూ వెళ్తాడు. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది, అదే నా కుడిచెయ్యి.

అందరూ సర్దుకున్నాక ఓదెలు నా ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఊపిరి ఈల వేస్తోంది.

“చూసిన బిడ్డా,” అన్నాడు. “ఆనాడు నీ బూటుకు సున్నం చూసిన. చూసే సాఫ్ అన్న.”

ఎందుకు అని అడగకూడదనుకున్నాను. అడిగాను.

“సారక్కకు అప్పుడు ఎనిమిదేండ్లు. దమ్ము అందకపోతుండె. పైన ఉంటె బతకదన్నరు.”

“మా అవ్వ బతుకుతదని ఎవలన్న చెప్పిన్రా నీకు?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఈ మాట చెప్పడానికే ఆట ముందు వచ్చానన్నాడు. అప్పుడు చెప్పినా నేను సారక్క బూటు తుడిచేదాన్నా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను. తుడిచేదాన్ని కాదు.

కారణం తెలిస్తే కడుపు చల్లబడుతుందంటారు. నాకు చల్లబడలేదు. ఆ పిల్ల నీళ్ళు కావాలా అక్కా అని అడిగిన మొహం గుర్తొచ్చి ఇంకా మండింది, ఎందుకంటే ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. వచ్చే కోపమంతా ఈయన మీదే ఉంది. ఈయనేమో నా దగ్గరికే వచ్చి కూర్చున్నాడు.

దిగి వెళ్ళిపొమ్మని నేను అనలేదు. మా వాళ్ళలో ఒకరిద్దరు అన్నారు, ముసలాయన ఈ వేడికి ఆగడు, కింద ఇంకెవరి చోటైనా అడిగి దింపుదామని. ఆయన వచ్చాడు, ఆయన్ను ఉండనీయండి అన్నాను.


రోహిణి పదకొండో రోజు

మధ్యాహ్నం. నలభై ఏడు. పుస్తకంలో ఇంకా రెండు పేజీలు మిగిలాయి.

రెండు రోజులు గోడవారన కూర్చునే ఉన్నాడు. ఈ పొద్దున నడుము నిలవక పక్కకు ఒరిగిపోయాడు. ఎక్కడ పడుకోబెడదాం అని మా వాళ్ళు అడిగారు. పరదాకు దగ్గరగా చల్లటి చోట్లు రెండు ఉన్నాయి. నేను వాటిని వదిలేసి, చాప తీసుకెళ్ళి ఫ్యాను గొట్టం అవతల, మూడో స్తంభం పక్కన వేశాను. పదకొండేళ్ళుగా అక్కడ ఎవరినీ పడుకోనివ్వలేదు. అది మా అమ్మ పడుకున్న చోటు.

“ఈడ పండుకో,” అన్నాను.

ఆ చోటు ఎవరిదో ఆయనకు తెలుసు. స్తంభాన్ని ఒకసారి చేత్తో తడిమి పడుకున్నాడు. పెదాలు ఎండిపోయాయి. గ్లాసుతో నీళ్ళు పక్కన పెట్టాను, పెట్టింది నియమం ప్రకారం మనిషికొచ్చే వంతే, అంతకంటే చుక్క ఎక్కువ పోయలేదు. కళ్ళు మూసుకుని, బిడ్డా అని ఒకసారి పిలిచాడు. ఆయన మళ్ళీ పిలవలేదు.

పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. అమ్మ విసనకర్ర నా ఒళ్ళో ఉంది. ఇంకా విసరలేదు.